నరుకుళ్లపాడు విందు: నమ్మి వెళ్లినవాళ్ల చరిత్ర

ఒక శీతాకాలం సెలవు రోజున మా హాస్టల్ అమ్మాయిలను ధరణికోట, అమరావతి చూపించడానికి తీసుకెళ్లాం. పులిహోర పొట్లాలు కట్టుకుని, రెండు ఆటోల్లో సర్దుకుని వెళ్లాం. ధరణికోటలో పాత మట్టికోట గట్టు మీద కాసేపు నిలబడ్డాం. అక్కడి నుంచి అమరావతికి వచ్చి మ్యూజియం చూశాం, అమరేశ్వరుడి గుడి చూశాం. గుడి మెట్ల దగ్గర కూర్చున్నప్పుడు, ఆ ఊళ్లో అందరికీ తెలిసిన ఒక కథ పిల్లలకు చెప్పాం. ఈ గుడికి పూర్వవైభవం తెచ్చిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చెంచులను విందుకు పిలిచి నరికించాడనీ, ఆ పాపం పోగొట్టుకోవడానికి ఇక్కడికి వచ్చి శివుణ్ణి పట్టుకున్నాడనీ చెప్పే కథ అది.

పిల్లలంతా ఊకొట్టారు. ఎనిమిదో తరగతి చదివే ఒక చెంచు పాప మాత్రం, "అంతమంది ఎందుకు వెళ్లారు మేడమ్? ఒక్కళ్లకి కూడా అనుమానం రాలేదా?" అని అడిగింది.

ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. "నమ్మారమ్మా" అని ఊరుకున్నాం. తరువాత చాలా రోజులు ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. మన సంఘం ఈ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు ఆ పాపకు ఇవ్వని జవాబునే ఇక్కడ రాద్దామనుకున్నాం. ఇది చరిత్ర వ్యాసమే. అయితే చివరికి వచ్చేసరికి మీ సంగతి, మా సంగతి కూడా వస్తుంది.

ధరణికోట అంటే ఏమిటి

మనలో చాలామందికి ధరణికోట అంటే అమరావతికి ఆనుకుని ఉన్న ఒక ఊరు, అంతే. కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊరి పాత పేరు ధాన్యకటకం. శాతవాహనుల కాలంలో ఇది పెద్ద పట్టణం. 1960లలో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వినప్పుడు కోటగోడతో పాటు, పడవలు వచ్చి ఆగే రేవులాంటి కట్టడం కూడా బయటపడింది. అంటే సముద్రం మీద వచ్చిన సరుకు కృష్ణలో ఎదురెక్కి ఇక్కడిదాకా చేరేదన్నమాట. ఆ తరువాత కాకతీయుల కాలంలో కోట వంశపు రాజులకు ఇదే రాజధాని.

పక్కనే ఉన్న అమరావతి స్తూపం గురించి మీరు పాఠాల్లో చదివే ఉంటారు. అందులో ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ స్తూపం మీది రాళ్లు రాజులు మాత్రమే ఇచ్చినవి కావు. మామూలు మనుషులు ఇచ్చారు. గృహిణులు ఇచ్చారు, భిక్షుణులు ఇచ్చారు, సుగంధద్రవ్యాలు అమ్మే వ్యాపారి ఇచ్చాడు. పూర్ణకుంభం చెక్కిన ఒక పలకను విధికుడు అనే చర్మకారుడు ఇచ్చాడు. తన పేరు, తన తండ్రి పేరు, తన వృత్తి పేరు ఆ రాతి మీద చెక్కించుకున్నాడు. పద్దెనిమిది వందల ఏళ్లు గడిచినా ఆ తోలుపని చేసే మనిషి పేరు మనకు తెలుసు.

అదే నేల మీద, మనకు రెండు వందల ఏళ్ల కిందట విందుకు వెళ్లి తిరిగిరాని చెంచుల్లో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. ఈ తేడాను మనసులో పెట్టుకుని ముందుకు చదవండి.

జరిగింది ఏమిటి

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పద్దెనిమిదో శతాబ్దం చివరలో కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో అతి పెద్ద జమీందారుల్లో ఒకడు. చింతపల్లి ఆయన తొలి రాజధాని. 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతుల్లోంచి ఈస్టిండియా కంపెనీ చేతుల్లోకి వచ్చింది. అంటే ఆయన పాలన సరిగ్గా అధికారం చేతులు మారుతున్న కాలంలో సాగింది. పైన కంపెనీకి పేష్కష్ కట్టాలి. కింద రైతుల దగ్గర శిస్తు రాబట్టాలి. దారుల్లో సరుకు, ఖజానా క్షేమంగా నడవాలి. ఇలాంటి కాలంలో అడవి అంచున, కొండల్లో బతికే మనుషులు ఏ జమీందారుకైనా తలనొప్పే. వాళ్లు శిస్తు కట్టరు, లెక్కకు అందరు, పిలిస్తే రారు.

చెంచులు ఊళ్లను దోచుకుంటున్నారనీ, తిరగబడ్డారనీ, వాళ్లను అణచడానికే రాజా ఈ పని చేశాడనీ కథ చెబుతుంది. బలంతో పట్టుకోలేక ఉపాయం పన్నాడు. మంచి మాటలతో కబురు పంపి భోజనానికి పిలిచాడు. చెంచు మగవాళ్లు వచ్చారు. ఆరు వందల మంది అని గుడి దగ్గర చెబుతారు. లెక్క చెప్పేవాళ్లను బట్టి మారుతుంది కానీ, పిలుపు సంగతి, చంపిన తీరు మారవు. వచ్చినవాళ్లను వచ్చినట్టే నరికించాడు. అది జరిగిన చోటే నరుకుళ్లపాడు అయిందని చెబుతారు. ఆ ఊరు ఇప్పటికీ అమరావతి మండలంలోనే ఉంది. ఊరి పేరులోనే జరిగింది దాచిపెట్టినట్టు ఉంది.

తరువాతి కథ ఇంకా ప్రసిద్ధి. రాజాకు మనశ్శాంతి పోయింది. అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగులై కనిపించేవి. చివరికి అమరేశ్వరుణ్ణి ఆశ్రయించి, గుడిని బాగుచేయించి, కొత్త పట్టణం కట్టించి, దానధర్మాలతో మిగతా జీవితం గడిపాడు. చింతపల్లిలో కంపెనీవాళ్లతో పొసగక ఆయన అమరావతికి మారాడని చరిత్ర రాసినవాళ్లు మరో కారణం కూడా చెబుతారు. రెండు కారణాలూ ఉండి ఉండవచ్చు. 1796 ప్రాంతంలో ఆయన ఇక్కడ కొత్త పట్టణం మొదలుపెట్టాడు. దానికి కావలసిన రాయి కోసం, ఇటుక కోసం పనివాళ్లు దగ్గర్లోని దీపాలదిన్నె తవ్వారు. ఆ దిన్నె కిందే మహాస్తూపం ఉంది. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే తవ్వకం సాగుతోంది. ఎందరో పేరు చెక్కించుకుని ఇచ్చిన పలకలు కొన్ని చెరువు మెట్లయ్యాయి, కొన్ని గోడల్లో కలిశాయి. మిగిలినవి ఇప్పుడు చెన్నైలో, లండన్‌లో, కొద్దిగా అమరావతిలో ఉన్నాయి.

రాజా 1816లో చనిపోయాడు. ఆయన దత్తపుత్రుల మధ్య దావాలు నడిచాయి. అంత పెద్ద జమీందారీ కోర్టుల్లో, బాకీల్లో కరిగిపోయింది.

ఈ కథలో పక్కకు ఒదిగిపోయింది ఎవరు

మీరు ఈ కథను ఎవరి నోట విన్నా ఒకటి గమనించండి. చెంచులు మొదటి రెండు వాక్యాల్లోనే అయిపోతారు. మిగతాదంతా రాజా బాధ, రాజా భక్తి, రాజా దానాలు. ఆరు వందల మంది చావు ఒక మనిషి మనసు మారడానికి కారణంగా మాత్రమే కథలో మిగిలింది. వాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఏం జరిగింది? ఎదురుచూసిన ఆడవాళ్లు ఎక్కడికి పోయారు? పిల్లలను ఎవరు పెంచారు? ఆ తరువాత ఆ కుటుంబాలు కృష్ణ ఒడ్డు వదిలి నల్లమల లోపలికి వెళ్లిపోయాయా? కథ ఆ వైపు తిరిగి చూడదు.

మేము ఇక్కడ రాజాగారి వంశాన్నీ, ఆ కులాన్నీ, ఆ ఊరివాళ్లనూ నిందించడానికి రాయడం లేదు. ఇది మీరు స్పష్టంగా గుర్తుంచుకోవాలి. తాతలనాటి తప్పుకు మనవళ్లను నిలదీయడం న్యాయం కాదు. పైగా ఆ ఊళ్ల జనమే ఈ కథను ఇన్నాళ్లు దాచకుండా చెబుతూ వచ్చారు. తమ గుడిని పునరుద్ధరించినవాడి పాపాన్ని ఆ గుడి మెట్ల మీదే చెప్పుకోవడం చిన్న విషయం కాదు. వాళ్లు చెప్పకపోతే ఈపాటికి ఆ నాలుగు ముక్కలు కూడా మిగిలేవి కావు.

మేము అనేది ఇంకో మాట. పశ్చాత్తాపం నిజమే అయినా, అది ఎవరికి చేరింది? పురుగులు కనిపించిన మనిషి దేవుడికి గుడి కట్టించాడు. పండితులకు దానాలిచ్చాడు. చచ్చినవాళ్ల గూడేలకు ఏమిచ్చాడన్నది కథలో లేదు. తప్పు చేసింది ఒకరికి, చెల్లించింది వేరొకరికి. ఈ పొరపాటు రాజులే కాదు, మనం కూడా రోజూ చేస్తుంటాం. ఆ సంగతికి కాసేపట్లో వస్తాం.

ఎందుకు వెళ్లారు

ఇప్పుడు ఆ పాప ప్రశ్న. అంతమంది ఎందుకు వెళ్లారు?

మొదటి కారణం, వాళ్లకు మాట అంటే మాటే. చెంచులది రాతకోతల బతుకు కాదు. నల్లమలలో శ్రీశైలం వెళ్లే యాత్రికులకు దారి చూపి, కాపలా కాసి, ఇచ్చింది పుచ్చుకోవడం వాళ్లకు తరతరాల పని. అడవిలో కొత్త మనిషి ఒంటరిగా తనను తాను చెంచు చేతికి అప్పగించేవాడు. చెంచు అతణ్ణి మల్లన్న దగ్గరికి చేర్చి వెనక్కి తెచ్చేవాడు. మధ్యలో పత్రం లేదు, సంతకం లేదు. ఇద్దరి మధ్య ఉన్నది నమ్మకం ఒక్కటే. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్య అని పిలుచుకునే బంధం, అహోబిలం నరసింహస్వామిని చెంచులక్ష్మి మగడిగా తలచుకునే బంధం ఊరికే పుట్టలేదు. కొండకూ ఊరికీ మధ్య నమ్మకం నడిచిన కాలం ఒకటి ఉంది. అలాంటివాళ్లు, "వచ్చి భోంచేయండి" అన్న మాటను అనుమానించరు.

రెండో కారణం, తిండికి ఉన్న విలువ. అడవిలో దొరికిన గడ్డలు, తేనె, వేట మాంసం పంచుకు తినడం మన తెగల్లో పెద్ద మర్యాద కాదు, మామూలు నడవడి. కలిసి తిన్నామంటే ఆ పూటకు శత్రుత్వం లేనట్టే. మన పల్నాటి కథలోనూ ఇదే ఉంది. బ్రహ్మనాయుడి పేరు చెప్పగానే చాపకూడు గుర్తుకు వస్తుంది. అన్ని కులాలవాళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం అది. అదే పల్నాటి కథలో రాయబారానికి వెళ్లిన అలరాజుకు విషం పెట్టి చంపించారన్న ఘట్టం కూడా ఉంది. ఒక కథలోనే చాపకూడూ ఉంది, విషమూ ఉంది. వీరులు యుద్ధంలో చచ్చినప్పుడు కంటే అలరాజు చచ్చినప్పుడే వినేవాళ్లు ఎక్కువ మండిపడతారు. కారణం మనందరికీ తెలిసిందే. పొరుగింటికి అతిథిగా పోయినవాణ్ణి చంపడం యుద్ధం కాదు.

మూడో కారణం చాలా చిన్నది, కానీ మాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. పిలిచినవాడు పెద్దవాడు. పెద్దవాడు పిలిస్తే, అదీ ఎన్నాళ్లుగానో తరిమినవాడు పిలిస్తే, ఇక మంచిరోజులు వచ్చాయని ఎవరికైనా ఆశ పుడుతుంది. "దొంగలు" అని ముద్ర పడినవాళ్లకు మనుషులుగా పక్కన కూర్చోమన్న పిలుపు అది. ఆశకు పోయారు.

కాబట్టి ఆ పాపకు మా జవాబు ఇది. వాళ్లు తెలివితక్కువై వెళ్లలేదమ్మా. నమ్మడం తెలివితక్కువతనం కాదు. నమ్మకం లేకుండా యాత్రికుడు అడవి దాటడు, రోగి మందు మింగడు, పిల్ల హాస్టల్లో నిద్రపోదు. తప్పు నమ్మినవాడిది కాదు. ఆ నమ్మకాన్ని ఎరగా వాడినవాడిది.

రాయి మీద చెక్కిన ద్రోహం

ధరణికోట స్తూపం మీదే ఈ సంగతి చెప్పే కథ ఒకటి ఉంది. అది ఛద్దంత జాతకం. అమరావతి శిల్పాల్లోనూ ఉంది, మన పల్నాడులోని గోలి స్తూపపు శిల్పాల్లోనూ ఉంది. బోధిసత్వుడు ఏనుగుగా పుట్టిన జన్మ అది. రాణి కోరిక మీద ఒక వేటగాడు ఆ ఏనుగు దంతాల కోసం వస్తాడు. గుంట తవ్వి దాక్కుని, ఒంటికి సన్యాసి బట్ట చుట్టుకుంటాడు. బాణం తగిలిన ఏనుగు అతణ్ణి చంపబోయి, ఆ కాషాయం చూసి ఆగిపోతుంది. చివరికి తన దంతాలు తానే ఇచ్చేస్తుంది.

ఈ కథలో మోసగాడు అడవి మనిషి. నరుకుళ్లపాడు కథలో మోసపోయింది అడవి మనుషులు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నమ్మకద్రోహం ఏ ఒక్క జాతి గుణమూ కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము ఆచూకీ చెప్పింది తనవాడే అని ఆసిఫాబాద్ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మనవాళ్లు ఎప్పుడూ మోసపోయినవాళ్లే, పైవాళ్లు ఎప్పుడూ మోసగాళ్లే అని రాసుకుంటే మనకు హాయిగా ఉంటుంది. కానీ అది చరిత్ర కాదు.

ఛద్దంత కథలో మాకు గట్టిగా తగిలేది ఆ బట్ట. వేటగాడు బాణంతో వచ్చి ఉంటే అది వేట. సన్యాసి బట్టతో వచ్చాడు కాబట్టి అది ద్రోహం. అతను ఏనుగును ఒక్కదాన్నే కాదు, ఆ తరువాత అడవిలో నడిచే నిజమైన సన్యాసులందరినీ కూడా దెబ్బతీశాడు. ఇక ఏ ఏనుగు ఆ బట్టను నమ్ముతుంది? నరుకుళ్లపాడు తరువాత ఏ చెంచు మాత్రం ఊరివాళ్ల విందు పిలుపును నమ్ముతాడు? ఒక ద్రోహం చచ్చినవాళ్లతో ఆగదు. తరువాత వచ్చే మంచివాళ్ల దారి కూడా మూసేస్తుంది. ఈ రోజుకూ కొన్ని గూడేల్లో డాక్టరమ్మ వచ్చినా, టీచరు వచ్చినా పిల్లలు గుడిసెల వెనక్కి పోతారు. "వీళ్లు మారరు" అని విసుక్కునేముందు, ఆ భయం ఎంత పాతదో ఒకసారి లెక్కపెట్టుకోవాలి.

ఇంతకంటే దూరం కూడా చూద్దాం. స్కాట్లాండ్ కొండల్లో గ్లెన్‌కో అనే లోయ ఉంది. అక్కడ మెక్‌డొనాల్డ్ అనే కొండ తెగ ఉండేది. 1692లో, కొత్త రాజుకు విధేయత ప్రమాణం గడువు దాటి కొద్ది రోజులు ఆలస్యంగా చేశారన్న సాకుతో వాళ్లను తుడిచేయాలని ప్రభుత్వం అనుకుంది. సైనికులు అతిథుల్లా వచ్చారు. సుమారు పన్నెండు రోజులు ఆ ఇళ్లలోనే తిన్నారు, ఆ పొయ్యిల దగ్గరే చలి కాచుకున్నారు. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున లేచి, తమకు అన్నం పెట్టినవాళ్లను చంపారు. ముప్పై ఎనిమిది మంది దాకా అక్కడే చచ్చారు. మంచులోకి పారిపోయి ఇంకెందరో చలికి పోయారు. అక్కడి చట్టంలో అప్పటికే ఒక మాట ఉంది. నమ్మకంలో ఉన్న మనిషిని చంపడం మామూలు హత్య కంటే పెద్ద నేరం అని. 1695లో విచారణ జరిగి, అది హత్యేనని పార్లమెంటు ఒప్పుకుంది. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు. అయినా ఆ లోయలో స్మారకం ఉంది. ఇప్పటికీ ఏటా ఆ రోజున పూలదండ పెడతారు.

మన నరుకుళ్లపాడుకు తేదీ లేదు, దండ లేదు. ఊరి పేరు ఒక్కటే ఉంది.

మా హాస్టల్లో ఒక గుడ్డు

ఇంతదాకా చదివి, "సరే మేడమ్, రాజులు చేశారు, సైనికులు చేశారు, మాకేంటి" అని మీరు అనుకోవచ్చు. అందుకే మా సంగతి ఒకటి చెబుతాం. చెప్పడం మాకు సుఖంగా లేదు.

కొన్నేళ్ల కిందట, మేము పనిచేసిన ఒక హాస్టల్లో ఏడో తరగతి పాప ఒకతె తనకు వడ్డించిన కోడిగుడ్డు తినకుండా కొంగులో చుట్టి దాచుకునేది. ఆదివారం తమ్ముడు గేటు దగ్గరికి వస్తే ఇచ్చేది. ఒక్కో వారం వంటామెను బతిమాలి ఇంకోటి కూడా తీసుకునేది. మాకు తెలిసి పిలిచి అడిగాం. ఏడ్చింది. "ఎవరికీ చెప్పకండి మేడమ్, అమ్మాయిలు నవ్వుతారు" అంది. "చెప్పనమ్మా, నా మాట నమ్ము" అన్నాం. ఆ మాట మేమే అన్నాం, ఎవరూ బలవంతపెట్టలేదు.

రెండు వారాలకు తనిఖీ వచ్చింది. గుడ్ల లెక్కలో తేడా కనబడింది. తేడాకు అసలు కారణం ఆ పాప ఒక్కతే కాదు, పుస్తకం రాయడంలో మా నిర్లక్ష్యం కూడా ఉంది. వచ్చినవాళ్లు గట్టిగా అడిగేసరికి మాకు గొంతు ఎండిపోయింది. అందరు పిల్లలూ వరండాలో కూర్చుని ఉండగా, ఆ పాప వైపు చూపించి, "ఈ అమ్మాయి బయటికి ఇస్తోంది సార్" అన్నాం. మా ఉద్యోగానికి ఏమీ కాలేదు. లెక్క సరిపోయింది.

మరునాడు తెల్లవారి పాప హాస్టల్లో లేదు. తాత వచ్చి తీసుకుపోయాడని వాచ్‌మన్ చెప్పాడు. మేము పెద్ద పనిలా రిజిస్టర్‌లో "సెలవు" అని రాశాం. పది రోజులయ్యాక కూడా రాకపోతే గూడేనికి వెళ్లాం. పాప అమ్మమ్మ గుడిసె ముందు చాప పరిచి, మంచినీళ్లిచ్చి, "తిని పోండి" అని జొన్నరొట్టె పెట్టింది. జరిగిందంతా ఆమెకు తెలుసు. అయినా పెట్టింది. ఆ రొట్టె తినడం మాకు ఎంత కష్టమైందో చెప్పలేం.

పాప ఒక్క మాటే అంది. "మీరు చెప్పనన్నారు కదా మేడమ్."

పిల్లలకు అన్నం పెట్టే చోట మేము ఉన్నాం. నమ్మకం కలిగించే బట్ట మా ఒంటి మీదే ఉంది. మమ్మల్ని మేము కాపాడుకోవడానికి నమ్మిన పిల్లను ముందుకు తోశాం. దీన్ని నరుకుళ్లపాడుతో పోల్చడం లేదు. అక్కడ ప్రాణాలు పోయాయి. ఇక్కడ ఒక పిల్ల పది రోజులు బడి మానేసింది. కానీ ఆ పది రోజులూ మాకు అన్నం దగ్గర కూర్చుంటే రాజా కథలోని పురుగుల సంగతి అర్థమైంది.

అప్పుడు మాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, ఆ పాపకు కొత్త బట్టలు కొనిపెట్టి, మిగతా పిల్లలకు ఆదివారం స్వీటు పంచి మనసు తేలిక చేసుకోవడం. అది రాజా దారి. తప్పు ఒకచోట, చెల్లింపు ఇంకోచోట. రెండోది, ఏ వరండాలో ఆ పేరు చెప్పామో అక్కడే, అదే పిల్లల ముందు, "తప్పు నాది, పుస్తకం నేను సరిగా రాయలేదు, మాట ఇచ్చి తప్పాను" అని చెప్పడం. ఇష్టం లేకపోయినా రెండోదే చేశాం. పాప తిరిగి వచ్చింది. చదువుకుంది. మాతో మాత్రం మళ్లీ ఏ రహస్యమూ చెప్పలేదు. అది ఆమె హక్కు. క్షమాపణ చెప్పినంత మాత్రాన నమ్మకం వెంటనే తిరిగిరావాలని అడగకూడదని మాకు అప్పుడు తెలిసింది.

మీ చేతుల్లో ఉన్న నమ్మకం

మీ చుట్టూ కూడా ఇలాంటివి ఉన్నాయి. స్నేహితురాలు రాత్రి పూట మనసు విప్పి పంపిన సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం. చదువురాని మామ ఫోన్ ఇచ్చి "డబ్బులు పడ్డాయేమో చూడరా" అంటే, ఓటీపీ చూసి వంద నొక్కేయడం. మిరప కోతలకు కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ మన కుర్రాడే అయి, అడ్వాన్సులో సగం మింగి, అవతల ఊళ్లో ముసలివాళ్లను దింపేసి రావడం. సంఘం చందా పుస్తకం మన చేతికి ఇచ్చారని ఒక పేజీ చింపేయడం. నమ్మి వేలిముద్ర వేసినవాళ్ల కాగితం మీద మన అంకెలు రాయడం. ఇవన్నీ మనవాళ్లు మనవాళ్లకే చేసేవి. పైనుంచి వచ్చే మోసానికి మనం ధర్నా చేస్తాం. లోపలి మోసానికి ముఖం పక్కకు తిప్పుకుంటాం.

దాచమన్నదల్లా దాచడం కూడా నమ్మకం నిలబెట్టడం కాదు. ఈ మాట వార్డెన్‌గా గట్టిగా చెప్పాలి. ఒక పిల్ల వచ్చి, సంక్రాంతికి తనకు పెళ్లి చేస్తున్నారని చెప్పి, ఎవరికీ చెప్పొద్దంటే మేము ఊరుకోలేం. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ఉంది. 1098కి ఫోన్ చేయాల్సిన బాధ్యత ఉంది. ఎవరైనా ఆమెను ముట్టుకున్నారన్నా, ఆమె ప్రాణానికి ముప్పు ఉందన్నా అంతే. అందుకని ఆ గుడ్డు సంగతి జరిగిన తరువాత మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ పిల్ల "ఎవరికీ చెప్పకండి" అన్నా, వినకముందే చెబుతాం. "నీకు దెబ్బ తగిలే సంగతైతే నేను ఒకరికి చెప్పక తప్పదు. ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతా. మిగతావి నా దగ్గరే ఉంటాయి." అప్పుడు చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం. చెల్లించలేని మాట ఇవ్వకపోవడం కూడా మాట నిలబెట్టుకోవడమే.

మేము అడిగేది

వచ్చే ఏడాది ధరణికోట వెళ్లేవాళ్లు అమరావతితో ఆగిపోకండి. నరుకుళ్లపాడు దాకా వెళ్లిరండి. అక్కడి పెద్దలను మర్యాదగా పలకరించి, ఆ పేరు గురించి వాళ్లు ఏం విన్నారో అడిగి రాసుకోండి. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు చెంచు గూడేల్లో మన అవ్వలు, తాతలు ఉన్నారు. ఈ కథ వాళ్ల నోట ఎలా ఉందో, అసలు ఉందో లేదో వినండి. రాజా పురుగుల దగ్గర కాకుండా, విందుకు బయలుదేరిన గుడిసె గుమ్మం దగ్గర మొదలయ్యే కథ ఒక్కటి దొరికినా చాలు. చర్మకారుడు విధికుడి పేరు రాయి దాచింది. మనవాళ్ల సంగతి దాచాల్సింది మీరే.

అలా అడగడానికి వెళ్లినప్పుడు ఒకటి మరవకండి. ఎవరైనా, "ఇది పేరు పెట్టి రాయొద్దు బాబూ" అంటే, రాయకండి.